ఎడీసన్ ఎడమ బూటు

నవంబరు రెండో తేదీ ఆదివారం సాయంత్రం ఏడు గంటల పన్నెండు నిమిషాలకు, మాంటెవీడియో నగరం పలెర్మో పేటలో, ఇస్లా దె ఫ్లోరెస్ వీధి మధ్యలో, లా యారో దళం డోళ్లు ఆగిపోయాయి. మొత్తం ముప్పై ఎనిమిది డోళ్లు. వాన పడలేదు. పోలీసులు రాలేదు. ఎవరూ కళ్లు తిరిగి పడలేదు. తాళం తప్పి ఒకదానికొకటి అడ్డంపడ్డాయి.

ఆదివారం డోళ్లు మంట దగ్గర ఆగుతాయి, చర్మాలు బిగిసేదాకా. నడక మొదలయ్యాక ఆగవు. లా యారో నడక మధ్యలో ఆగింది అంతకుముందు ఒక్కసారే, పద్దెనిమిదేళ్ల కిందట. అప్పుడు అడ్డం వచ్చింది చెత్త లారీ.

రోడ్డు పక్క మడత కుర్చీల్లో కూర్చున్న మొగుడూ పెళ్లాలు మాతే ఆకు టీ తాగడం ఆపి చూశారు.

"ఏవైంది?"

"అడ్డంపడ్డారు."

"లా యారోవాళ్లా?"

"నీ కళ్లముందేగా."

"కళ్లముందే. రేపు నేను చెబితే మా తమ్ముడు నమ్మాలి కదా!"

డోళ్లన్నీ ఆగినా ఒక ధ్వని ఆగలేదు. రెండో వరస వెనక, కూరగాయల తోపుడు బండి మీద ఒక చెక్కపెట్టె, దాని పక్కన కారు బ్యాటరీ, ఒక స్పీకరు ఉన్నాయి. స్పీకరు ఒకే స్వరం పట్టుకుని మోగుతోంది. మూడో ఇంటి కుక్క దాన్ని చూసి మొరుగుతోంది. బండి నెడుతున్న నోయేలియా బెంటోస్ గుండీలు ఒకటొకటిగా తిప్పి చూసి, చివరికి బ్యాటరీ తీగ పీకింది. కుక్క కూడా ఊరుకుంది.

నోయేలియా వయసు ముప్పై నాలుగు. లిఫ్టులు బాగుచేసే పని. పదిహేనో ఏట నుంచి ముప్పయ్యో ఏట దాకా లా యారోలో పెద్ద డోలు వాయించింది. ఒకరోజు లిఫ్టు గుంటలో కాలు జారి కుడి భుజం విరిగింది. భుజంలో ఇప్పుడు ఆరు మరలున్నాయి. డోలు పట్టీ ఆ భుజం మీద వేయకూడదని డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. నాలుగేళ్లుగా ఆమె ఆదివారాలు రోడ్డు పక్కన నిలబడి చూస్తోంది.

పెట్టె ఆమె సొంతంగా కట్టిన సింథసైజర్, కరెంటుతో స్వరం పుట్టించే యంత్రం. తెర లేదు, కంప్యూటరు లేదు. పాత టీవీల్లోంచి, లిఫ్టు బోర్డుల్లోంచి తీసిన భాగాలు, పద్నాలుగు గుండీలు, బయట వేలాడే తీగలు. అది తీసే స్వరం పెద్ద డోలుకు కింద, ఇంకా లోతుగా ఉంటుంది. ఆ స్వరం నోరు తెరిచినట్టు విచ్చుకుంటుంది, మూసుకుంటుంది, వణుకుతుంది. ఎప్పుడు విచ్చుకోవాలో, ఎంత వేగంగా వణకాలో డోళ్లే చెప్పాలని ఆమె ఏర్పాటు. డోళ్లు నిదానిస్తే అదీ నిదానిస్తుంది, డోళ్లు పరిగెడితే అదీ పరిగెడుతుంది. భుజంతో పని లేదు. బండి నెట్టుకుంటూ వరసలో నడవొచ్చు.

డిసెంబరు మూడు మా డోళ్ల పండగ. ఆరోజు పేటలోని దళాలన్నీ వీధిలోకి వస్తాయి. ఆ నడకలో ఆమె వరసలో ఉండాలనుకుంది. దళంలో పదకొండు మంది వెళ్లి ఆమె తరఫున అడిగితే, వరస పెద్ద మిల్టన్ లర్రోసా ఒక ఆదివారం ఇచ్చాడు. ఆ ఆదివారమే ఇది.

మిల్టన్‌కు యాభై ఎనిమిదేళ్లు. సిటీ బస్సు నడుపుతాడు. తక్కువ మాట్లాడతాడు. బండి దగ్గరకు వచ్చి పెట్టెను పైనుంచి కిందికి చూశాడు.

"ఇది ఇంటికెళ్తుంది," అన్నాడు.

"ఎక్కడో చిన్న పొరపాటు, పెద్దాయనా. కనుక్కుంటాను."

"చిన్నదా? వెనకాల పెద్ద డోళ్లు పది దీని మాట విన్నాయి. ముందువాళ్లు నా మాట విన్నారు. ఇప్పుడు నాకు రెండు దళాలున్నాయి. నాకు ఒకటి చాలు పిల్లా."

"ఇంకొక్క ఆదివారం."

మిల్టన్ వెనక్కి తిరిగి వరస వైపు చూశాడు. పెద్ద డోళ్లవాళ్లు నేల చూపులు చూస్తున్నారు.

"పదహారో తేదీ. ఒక్కడు అడ్డంపడ్డా మూడో తేదీకి నువ్వు రోడ్డు పక్కనే," అన్నాడు. "ఇప్పుడు బండి పక్కకు తియ్. కూరగాయల బండితో దారికి అడ్డంగా నిలబడితే జనం టమాటాలు అడుగుతారు."

టమాటా మాట ఊరికే రాలేదు. ఆ బండి నిబియాది. ఆమె మంగళవారం సంతలో కూరగాయలు అమ్ముతుంది. డెబ్బై ఒకటో ఏడు. దళం ముందు విసనకర్ర పట్టుకుని ఆడేది కూడా ఆమే. ఆరోజు ఆగిన డోళ్ల ముందు ఆమె కూడా ఒక కాలు ముందుకు పెట్టి అలాగే నిలబడిపోయింది.

*

పెట్టెకు తాళం చెప్పింది ఎడీసన్ అకోస్తా. బేకరీలో రొట్టెలు చేస్తాడు. బరువు నూట నాలుగు కిలోలు. ఇరవై రెండేళ్లుగా చికో వాయిస్తున్నాడు. చికో అంటే మా డోళ్లలో చిన్నది. పెద్ద డోలు మాట్లాడుతుంది, నడిమి డోలు జవాబిస్తుంది, చికో మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఒకే మూడు దెబ్బలు వేస్తూ పోతుంది. అందుకే నోయేలియా దాన్ని ఎంచుకుంది. పది పెసోల నాణెమంత ఇత్తడి బిళ్లను ఎడీసన్ డోలుకు అతికించింది. దెబ్బ పడ్డప్పుడల్లా ఆ బిళ్ల తీగ వెంట చిన్న కరెంటు పంపుతుంది. పెట్టె మూడు దెబ్బలు లెక్కపెట్టి ఒకసారి విచ్చుకుంటుంది. మళ్లీ మూడు, మళ్లీ ఒకసారి.

ఇంట్లో మూడు వారాలు పరీక్షించింది. ఎడీసన్ ఒక్కడే వాయించిన టేపు పెట్టుకుని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చుంది. మూడు వారాల్లో ఒక్కసారి కూడా పెట్టె తప్పలేదు.

సోమవారం మధ్యాహ్నం రెండింటికి ఆమె బేకరీకి వెళ్లింది. రెండు నుంచి నాలుగు దాకా దుకాణం మూసి ఉంటుంది. ఎడీసన్ పిండి బల్ల తుడుస్తున్నాడు.

"నువ్వేమైనా దెబ్బ వదిలేశావా బొద్దూ?"

"నేనా? ఇరవై రెండేళ్లలో నేను వదిలేసింది ఒక పెళ్లి, రెండు ఉద్యోగాలు. దెబ్బ వదల్లేదు."

"మరి పెట్టె ఎందుకు తప్పింది?"

"నన్నడుగుతావేం? పేరుకే ఎడీసన్. మా ఇంట్లో బల్బు మాడితే మా అక్క వచ్చి మార్చాలి."

ఆమె పెట్టె బయటికి తీసి, బల్ల మీద పెట్టి, తీగలు కలిపింది. అతను డోలు తెచ్చాడు. వాయించాడు. పెట్టె విచ్చుకుంది, మూసుకుంది. బాగానే ఉంది. నాలుగు నిమిషాలు వాయించినా బాగానే ఉంది.

"చూశావా," అన్నాడు ఎడీసన్. "లోపం నాలో లేదు. నీ పెట్టెలోనూ లేదు. మిల్టన్‌లో ఉంది. ఈ మాట నేనన్నానని ఆయనకి చెప్పకు."

*

సమాధానం మంగళవారం సంతలో దొరికింది. నోయేలియా బండి తిరిగి ఇవ్వడానికి వెళ్లింది. నిబియా గుమ్మడికాయ కోస్తోంది.

"నా బండికేం కాలేదుగా?"

"లేదత్తా."

"నా పరువుకైంది. ఒంటికాలి మీద నిలబడ్డాను, కొంగలాగా. మా వీధివాళ్లందరూ ఫోటోలు తీశారు."

"తప్పు నాదే."

"తప్పు ఎవరిదో తర్వాత చూద్దాం. నీ పెట్టె ఎవరి మాట వింటుంది?"

"ఎడీసన్ మాట."

"ఎడీసన్ మాటా, ఎడీసన్ చేతుల మాటా?"

నోయేలియాకు అర్థం కాలేదు. నిబియా కత్తి పక్కన పెట్టి, చేతులు నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుని, గుమ్మడికాయ మీద చికో వాయించింది. వేళ్లతో మూడు దెబ్బలు, మళ్లీ మూడు.

"ఇందులో మొదటిది ఏది?"

"ఇదిగో, ఇది," అంది నోయేలియా, మూడింట్లో మొదటి దెబ్బ దగ్గర.

"అది రెండోది."

"మరి మొదటిది?"

"దాన్ని ఎడీసన్ కొట్టడు. ఎవరూ కొట్టరు. అది ఖాళీ. పదిహేనేళ్లు పెద్ద డోలు వాయించావు, ఆ ఖాళీలో నీ అరచెయ్యి పడేది కదే! నీకు తెలియదా?"

నోయేలియా గుమ్మడికాయ మీద ఆ మూడు దెబ్బలూ మళ్లీ వేసి చూసింది.

తకధిమి అనే నాలుగింటిలో మొదటి 'త' నోటితో అనకుండా వదిలేసి 'కధిమి', 'కధిమి' అంటూ పోతే ఎలా ఉంటుందో చికో అలా ఉంటుంది. పేటలో పుట్టినవాళ్లకు ఆ 'త' ఎక్కడుందో చెప్పక్కర్లేదు. డోళ్లు వింటూ పెరిగారు కాబట్టి ఆ ఖాళీ వాళ్లకు దెబ్బలాగే వినిపిస్తుంది. కొత్తవాళ్లు అయితే అడుగుతారు, మొదలు ఎక్కడ అని. నోయేలియా అడగలేదు, పెట్టెకూ చెప్పలేదు. పెట్టె తనకు వినిపించిన మొదటి దెబ్బను మొదలనుకుంది. ఇంట్లో టేపులో చికో ఒక్కటే ఉంది, కాదనడానికి ఇంకో డోలు లేదు. పెట్టె ఎక్కడ విచ్చుకుంటే వింటున్న ఆమె కాలూ అక్కడే తాళం వేసింది. వీధిలో ముప్పై ఏడు డోళ్లు కాదన్నాయి. తేడా సెకనులో ఏడో వంతు.

"అరవై ఏళ్లుగా ఆడుతున్నాను," అంది నిబియా. "డోళ్ల వైపు తిరిగి ఆడేటప్పుడు నేను వాళ్ల చేతులు చూడను. చేతులు అబద్ధాలాడతాయి. కాళ్లు చూస్తాను. ఇదిగో, ఈ ముక్క తీసుకెళ్లు. గుమ్మడికాయ మీద వాయించాక ఎవరూ కొనరు."

*

నోయేలియా మొదట కాళ్ల గురించి ఆలోచించలేదు. లిఫ్టు తలుపు కాసేపు ఆగి మూసుకునేలా చేసే మెకానిక్కు ఆలస్యం అంటే భయం లేదు. మూడో దెబ్బ పడ్డాక కొంచెం ఆగి విచ్చుకునేలా పెట్టెలో ఒక ఏర్పాటు చేసింది. ఎంతసేపు ఆగాలో ఒక గుండీ తిప్పి పెట్టొచ్చు. గురువారం బేకరీలో పరీక్షించారు. ఈసారి ఎడీసన్‌తో పాటు పెద్ద డోలు వాయించే ఇద్దరిని పిలిచింది.

మొదటి నిమిషం బాగుంది. రెండో నిమిషంలో నోయేలియా గుండీ కొంచెం తిప్పింది. మూడో నిమిషంలో ఇంకొంచెం. నాలుగో నిమిషంలో పెద్ద డోళ్లవాళ్లు ఆగి నవ్వడం మొదలుపెట్టారు. కారణం మామూలుదే. డోళ్లు ఒకే వేగంతో నడవవు. వీధి మొదట్లో నడక వేగం, చివర్లో పరుగు. వేగం ఎప్పుడు, ఎంత పెరగాలన్నది ఎవరూ ముందుగా అనుకోరు. గుండీ ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉంటుంది.

"నువ్వు వేగం పెంచకుండా వాయించలేవా?" అని అడిగింది.

"ఎందుకు వాయించలేను," అన్నాడు ఎడీసన్. "పెళ్లి బ్యాండులో చేరతాను. మీ లిఫ్టులో పెట్టే పాటలకి కూడా పనికొస్తాను."

"సరే, మళ్లీ వాయించు. ఒక్కడివే. నిలబడి కాదు, నడుస్తూ."

"ఎక్కడికి నడవను? ఓవెన్‌లోకా?"

"బల్ల చుట్టూ."

అతను బల్ల చుట్టూ నడుస్తూ వాయించాడు. నేల మీద పిండి రాలి ఉంది. పిండిలో అతని గుడ్డబూట్ల అడుగులు పడ్డాయి. నోయేలియా గచ్చు మీద గొంతుక్కూర్చుని చూసింది. ఎడీసన్ చేతులు ఖాళీ వదిలిన చోటే పాదం పడుతోంది. వేగం పెంచినప్పుడు పాదమూ వేగం పెంచింది. పెంచమని ఎవరూ దానికి చెప్పలేదు.

"ఆగు," అంది. "ఎడమ బూటు విప్పు."

"ఏంటి?"

"బూటు విప్పు బొద్దూ."

"ముందే చెబుతున్నా, పొద్దున నాలుగింటి నుంచి నిలబడే ఉన్నాను. తర్వాత నన్ను అనకూడదు."

ఆమె బూటు అందుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, లోపలి అట్ట పైకి లేపి చూసింది. అడుగున తాడు పేని కుట్టిన అట్ట. మడమ కింద ఒక బిళ్ల అమర్చింది. తీగను పంట్లాం లోపలి నుంచి నడుం దాకా తెచ్చి, అక్కణ్ణుంచి పెట్టెకు కలిపింది. ఎడీసన్ నిలబడి మొదటి అడుగు వేశాడు. బిళ్ల పటుక్కుమంది. ధ్వని రాలేదు.

"విరిగింది," అంది నోయేలియా.

"నేను లావని అంటున్నావా?"

"బిళ్ల సన్నమని అంటున్నాను."

పెద్ద డోళ్లవాళ్లలో ఒకడు, "మర్యాద తెలిసిన పిల్ల," అన్నాడు.

రెండో బిళ్లను బొటనవేలు పక్కన, బరువు చివరగా చేరే చోట పెట్టింది. అది నిలిచింది. డోలు మీది బిళ్లనూ తీయలేదు. పని పంచింది. చేతి దెబ్బలు పెట్టెకు ఎంత వేగంగా వణకాలో చెబుతాయి. పాదం ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతుంది. పాదం పడగానే స్వరం పూర్తిగా విచ్చుకుంటుంది, మళ్లీ ఆ పాదం పడేదాకా దెబ్బ దెబ్బకూ వణుకుతూ మూసుకుంటూ వస్తుంది.

ముగ్గురూ బల్ల చుట్టూ నడుస్తూ వాయించారు. పదకొండు నిమిషాలు వాయించారు. వేగం రెండుసార్లు ఎక్కించారు. నోయేలియా గుండీలు ముట్టుకోలేదు. గదిలో రొట్టెల వాసన, బూటు వాసన కలిసి ఉన్నాయి.

పెద్ద డోలు పట్టీ విప్పుతూ ఒకతను అన్నాడు. "బాగుంది గానీ, వీడు తుమ్మితే?"

"తుమ్మితే ఏం కాదు," అంది నోయేలియా. "గెంతకూడదు. జారకూడదు. అడుగు పొడుగు మార్చకూడదు."

"ఎడీసన్ గెంతగా ఎవరైనా చూశారా?" అన్నాడు రెండో అతను.

"నేనిక్కడే ఉన్నానురా," అన్నాడు ఎడీసన్.

*

పదహారో తేదీ సాయంత్రం ఆరింటికి యారో వీధి మూలలో మంట వేశారు. అట్టపెట్టెలు, పాత పత్రికలు. డోళ్లను మంట చుట్టూ పేర్చారు. నోయేలియా ఎడీసన్ ముందు మోకాళ్ల మీద కూర్చుని బూటు సర్దుతోంది.

"లేవవే, చూసేవాళ్లు ఏమనుకుంటారు," అన్నాడు ఎడీసన్.

"పెళ్లి చేసుకోమని అడుగుతోందనుకుంటారు," అంది నిబియా పక్కనుంచి. "ఒప్పుకో. ఇంకెవరూ అడగరు."

తీగ పొడవు ఆరు మీటర్లు. నడుం దగ్గర ముడేసి బండికి కట్టింది. ఎడీసన్ ముందు వరసలో, బండి రెండో వరస వెనక. తీగ ఎవరి కాళ్లకూ చుట్టుకోకుండా పక్కవాళ్ల బెల్టుల మీదుగా తెచ్చారు.

"కుక్కను కట్టినట్టు కట్టావు," అన్నాడు ఎడీసన్.

"కుక్క అయితే మాట వింటుంది."

మిల్టన్ వచ్చాడు. తీగను చూపుతో వెంబడించాడు, పెట్టె నుంచి బెల్టులకు, బెల్టుల నుంచి నడుంకు, నడుం నుంచి పంట్లాం లోపలికి.

"ఇదెక్కడికి పోతోంది?"

"బూటులోకి," అంది నోయేలియా.

"ఎందుకు?"

"మొదటి దెబ్బ అక్కడుంది, పెద్దాయనా."

మిల్టన్ ఎడీసన్ బూట్ల వైపు, ఆ తర్వాత తన బూట్ల వైపు చూసుకున్నాడు. వెళ్లి డోలు ఎత్తుకున్నాడు.

ఆరు గంటల నలభై ఆరు నిమిషాలకు బయల్దేరారు. అందరూ మొదట డోళ్ల చెక్క మీద కర్రతో వాయించారు, ఆపైన మిల్టన్ పిలుపు ఇచ్చాడు, చర్మాలు మొదలయ్యాయి. నోయేలియా మొదటి మలుపు దాకా స్పీకరు తెరవలేదు. మలుపు దాటాక తెరిచింది. స్వరం పెద్ద డోళ్ల కింద నుంచి వచ్చింది. వెనక వరసలో ఇద్దరు తలెత్తి ఒకరినొకరు చూసుకున్నారు, వాయిస్తూనే ఉన్నారు.

రెండో మలుపులో మిల్టన్ వేగం ఎక్కించాడు. మామూలుగా మూడో మలుపు దాకా ఎక్కించడు. కావాలనే చేశాడని తర్వాత ఒప్పుకున్నాడు. ఎడీసన్ పాదం ఆ వేగం అందుకుంది. పెట్టె కూడా అందుకుంది. మూడో మలుపులో మిల్టన్ మళ్లీ ఎక్కించాడు. బాల్కనీల మీదికి జనం వచ్చారు. నిబియా డోళ్ల వైపు తిరిగి, వెనక్కి నడుస్తూ, విసనకర్ర ఊపుతూ ఆడుతోంది.

నాలుగో మలుపుకు ఇరవై అడుగుల ముందు నిబియా పక్కకు తప్పుకుంది. ఆమె తప్పుకున్న చోట రోడ్డు మీద కుక్క పెంట ఉంది. చిన్నదేం కాదు. డోళ్లవాళ్లకు ఇది కొత్త కాదు. చూసినవాడు అడుగు పెంచి దాటేస్తాడు, వెనకవాడికి మోచేత్తో సైగ చేస్తాడు. ఎవరి తాళమూ పోదు.

ఎడీసన్ చూశాడు. అతని పక్కవాడు అడుగు పెంచి దాటాడు. ఇంకోవైపువాడు చిన్నగా గెంతాడు. ఎడీసన్ లెక్క చూసుకున్నాడు. ఎడమ కాలు వంతు వస్తోంది. దాటాలంటే అడుగు పొడుగు చేయాలి, లేదా కాలు గాలిలో ఉంచాలి. వెనక ఆరు మీటర్ల దూరంలో నోయేలియా కూడా చూసింది.

"బొద్దూ!" అని అరిచింది. డోళ్ల మోతలో ఎవరికీ వినపడలేదు.

ఎడీసన్ అడుగు మార్చలేదు. ఎడమ బూటు సరిగ్గా దాని మధ్యలో పడింది. స్వరం విచ్చుకుంది. కుడి కాలు పడింది. ఎడమ కాలు మళ్లీ లేచి, మళ్లీ పడింది. స్వరం మళ్లీ విచ్చుకుంది. అతని ముఖం ముందుకే ఉంది. బాల్కనీలో ఒకావిడ, "అయ్యయ్యో, తొక్కాడు!" అంది. ఆ మాట డోళ్లలో వెనక వరసలవాళ్లకు పెదాల కదలికను బట్టి తెలిసింది. నవ్వారు. నవ్వుతూనే వాయించారు. ఒక్కరూ అడ్డంపడలేదు.

ఏడు గంటల ఇరవై ఒకటికి మీనాస్ వీధి మూలలో మిల్టన్ చెయ్యెత్తాడు. ముప్పై ఎనిమిది డోళ్లు ఒకే దెబ్బ మీద ముగిశాయి. పాదం ఆగింది కాబట్టి పెట్టె మెల్లగా మూసుకుంది. నోయేలియా స్పీకరు ఆపింది.

మిల్టన్ ఎడీసన్ దగ్గరకు వచ్చి, రెండడుగుల దూరంలో ఆగాడు.

"చూడలేదా?"

"చూశాను."

"చూసీ తొక్కావా?"

"గెంతకూడదంది."

మిల్టన్ తల ఊపాడు. ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

"ముప్పై ఏళ్లుగా వరస నడుపుతున్నాను," అన్నాడు. "నా కోసం ఎవరూ ఇంత చేయలేదు."

"నువ్వెప్పుడూ అడగలేదు పెద్దాయనా."

ఆ తర్వాత మిల్టన్ మూడో తేదీ నడకకు వరస చదివాడు. కాగితం లేదు, వేళ్ల మీద. ముందు చికోలు, ఎవరెవరు ఎక్కడెక్కడ. తర్వాత నడిమి డోళ్లు. తర్వాత పెద్ద డోళ్లు. ఎడీసన్‌ను ముందు వరసలో ఎడమ చివరకు మార్చాడు, రోడ్డు అంచు శుభ్రంగా ఉంటుందని. అందరి పేర్లూ అయిపోయాయి. నోయేలియా బండి పిడి రెండు చేతులతో పట్టుకుని ఉంది.

"రెండో వరస వెనక, నోయేలియా," అన్నాడు మిల్టన్. "ఐదున్నరకు మంట దగ్గర ఉండాలి. ఆలస్యమైతే నీ కోసం ఆగం."

నిబియా ఆమె వీపు మీద విసనకర్రతో ఒకటిచ్చింది, ఎడమవైపు, మరలు లేనివైపు.

"నా బండి మంగళవారం పొద్దున్నకి కావాలి," అంది. "కడిగి తెచ్చివ్వు."

ఎడీసన్ అక్కడ లేడు. మూలనున్న గ్యారేజీ కుళాయి దగ్గర ఒంటికాలి మీద నిలబడి బూటు కడుగుతున్నాడు. లోపల బిళ్ల ఉందని, నీళ్లు తగలనివ్వొద్దని నోయేలియా పరిగెత్తుకుంటూ వెళ్లింది. అప్పుడు సమయం ఏడు గంటల ఇరవై తొమ్మిది నిమిషాలు. బిళ్ల తడిసింది. పనిచేస్తూనే ఉంది.